పూత మీద బేరం

మా వైపు మామిడి తోటను కాయ చూసి కొనరు, పూత చూసి కొంటారు. చలికాలంలో షావుకారు తోటలోకి వచ్చి, తల పైకెత్తి ఓ చుట్టు తిరుగుతాడు. పూతలో ఎంత నిలుస్తుంది, మంచుకు ఎంత మాడుతుంది, తామర పురుగు ఎంత నాకేస్తుంది అని మనసులో లెక్కేసుకుని ఓ అంకె చెబుతాడు. రైతు ఇంకో అంకె చెబుతాడు. అడ్వాన్సు చేతులు మారుతుంది. అక్కణ్ణుంచి కాయ నిలిస్తే షావుకారు తెలివి, రాలితే రైతు దురదృష్టం.

పోయిన పంచాయతీ ఎన్నికలు సరిగ్గా ఈ పూత రోజుల్లోనే, 2021 ఫిబ్రవరిలో వచ్చాయి. అప్పట్నుంచీ మా మైలవరంలో రెండు బేరాలకీ ఒకటే భాష. "ఆ బజారు పూత దిట్టంగా ఉందండీ, నిలుస్తుంది" అంటే వంద ఓట్లు ఖాయమని. "హాస్టళ్ల సందులో నమ్మకండి, అంతా దొంగపూతే" అంటే అక్కడున్న కుర్రాళ్ల ఓట్లు వాళ్ల సొంతూళ్లలో ఉన్నాయని.

ఇప్పుడు మళ్లీ ఎన్నికల గాలి మొదలైంది. ఓ సాయంత్రం ముగ్గురు మనుషులు మా అరుగెక్కారు. ఒకాయన పాత రాజకీయం, ఇంకొకాయన కొత్త రియల్ ఎస్టేటు, మూడో ఆయన ఎటు గెలిస్తే అటు.

"మాస్టారూ, ఈసారి మన వార్డుకు మీరే నిలబడాలి. మీ మీద చెడ్డపేరు లేదు" అన్నాడు పాత రాజకీయం.

"మంచిపేరు మాత్రం ఉందేంటన్నయ్యగారూ?" లోపల్నుంచి మా ఆవిడ.

వినపడనట్టు ముగ్గురూ టీ తాగారు. నేను మాత్రం లోపల్లోపల పొంగిపోయాను. ముప్పై ఏళ్లు పిల్లల చేత చేతులెత్తించినవాణ్ణి, నాకోసం ఊరు చేతులెత్తే రోజొచ్చింది కదా అనిపించింది. ఊరికి నాటకం కొత్తేమీ కాదు. రాజావారి బాలభారతీ నాటక సమాజంతో పేరు మోసిన మైలవరం ఇది. అప్పట్లో మొహానికి రంగు వేసుకుని వేషం కట్టేవారు, ఇప్పుడు భుజాన కండువా వేసుకుంటే సరిపోతుంది.

ఇంతకీ మైలవరం ఊరా, పట్నమా? పట్నమనే అనాలి. నేషనల్ హైవే 30 ఊళ్లోంచి పోతుంది. 1998లో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది, దాని వెనక హాస్టళ్లు, హాస్టళ్ల వెనక బిర్యానీ పాయింట్లు, వాటి వెనక కుక్కలు. సుమారు 190 కిలోమీటర్ల అమరావతి ఔటర్ రింగ్ రోడ్డు మా మండలం మీదుగా వెళ్తుందన్న మాట పుట్టగానే, రోడ్డు ఇంకా కాగితం మీద ఉండగానే, చిన్నరసాల తోటల్లో సున్నపు గీతలు పడ్డాయి. నిన్నటిదాకా ఎకరాల్లో మాట్లాడిన రైతు ఇవాళ గజాల్లో మాట్లాడుతున్నాడు. చెట్టు నరికేసిన చోటల్లా వెంచరు పేరులో మాత్రం మామిడి మిగులుతోంది. బ్రోచర్‌లో నీలం రంగు ఈతకొలను, ముగ్గురు తెల్లవాళ్లు జాగింగు. "పంచాయతీ అప్రూవ్డ్" అని అడుగున సన్న అక్షరాలు. ఆ అక్షరాల్లో పేరున్న పంచాయతీ దగ్గర మా సందు మురుగ్గుంట మీద వేయడానికి ఓ నాపరాయి పలక లేదు.

ఎందుకంటే పాలన లెక్కలో మేమింకా గ్రామమే. మా ఊరి జనాభా 2011 నాటికే ఇరవై వేలు దాటింది. పక్కన నూజివీడు ఎప్పుడో మున్సిపాలిటీ. పది వేలు దాటిన పంచాయతీలకు ఈమధ్య సర్కారువారు 'రూర్బన్' అని కొత్త మాట ఒకటి తగిలించారు. రూరలూ అర్బనూ కలిపి నూరితే వచ్చిన పచ్చడి అది. పేరు బాగుంది, నోరు తిరగదు. మా పాలవాడు "రబ్బరు పంచాయతీ" అంటున్నాడు. అదే నిజానికి దగ్గర. ఊరు ఎంత సాగితే అంత సాగుతుంది, ఎక్కడా తెగదు, ఎక్కడా పట్టదు.

మరి మున్సిపాలిటీ అయితే బాగుపడతామా? మా నియోజకవర్గంలోనే ఉంది కదా కొండపల్లి, బొమ్మల ఊరు. ఇబ్రహీంపట్నాన్ని కలిపి దాన్ని మున్సిపాలిటీ చేశారు. 2021 నవంబరులో 29 వార్డులకు ఎన్నికలు పెడితే టీడీపీకి 14, వైఎస్సార్‌సీపీకి 14, ఇండిపెండెంటుకు 1. ఏ వడ్రంగీ ఇంత సమంగా కోయలేడు. ఆ ఒక్కరూ ఒక పక్క చేరారు. ఎక్స్ అఫీషియో ఓట్లంటూ అటు ఎంపీ, ఇటు ఎమ్మెల్యే దిగారు. రెండు రోజులు హాల్లో రభస. హైకోర్టు చెబితే మూడో రోజు ఓటింగు జరిగింది గానీ ఫలితాన్ని సీల్డ్ కవర్లో పెట్టేశారు. ఆ కవరు విప్పింది 2025లో. ఛైర్మనెవరో తెలియడానికి మూడున్నరేళ్లు పట్టింది. మా ఇంట్లో ఆవకాయ జాడీకి కూడా అన్నాళ్లు వాసెన కట్టి ఉంచరు. అన్నాళ్లూ కొండపల్లిలో సూర్యుడు ఉదయించాడు, చెత్తబండి వచ్చిన రోజు వచ్చింది, రానిరోజు రాలేదు. ఛైర్మన్ ఉంటే ఏం, లేకపోతే ఏం అన్న అనుమానం జనానికి రాకుండా ఆ దేవుడే కాపాడాడు.

సరే, నా సంగతికొద్దాం. కాగితాలు తెప్పించి చదివాను, పంతులు బుద్ధి పోతుందా. ఊరు ఎంత పెరిగినా పంచాయతీ వార్డు సభ్యులు 21 మందికి మించకూడదని చట్టం. అంటే అపార్టుమెంట్లు నాలుగంతస్తులు లేవొచ్చు గానీ మెంబరు మాత్రం ఒక్కడే. ఆ మెంబరు చెయ్యగలిగినవి ఏంటయ్యా అని చూస్తే, ఉపసర్పంచిని ఎన్నుకునేటప్పుడు ఓ ఓటు, మీటింగు పుస్తకంలో ఓ సంతకం. చెక్కు మీద సంతకం సర్పంచిది. ఫైలు మీద సంతకం కార్యదర్శిది. మధ్యలో సచివాలయాలొచ్చాక ఆధార్ నుంచి అడంగల్ దాకా జనం అటే పోతున్నారు. పాపం సర్పంచుల గతీ అంతంతమాత్రమే. ఆర్థిక సంఘం నిధులు వచ్చినట్టే వచ్చి కరెంటు బకాయిల కింద జమైపోతుంటే, ఖాళీ ఖాతాలు చూపించి రాష్ట్రమంతా రోడ్డెక్కారు కదా. చెక్కు పవరుంది, చెక్కులో పవరు లేదు.

ఖర్చు రూల్సు ఇంకా ముచ్చటగా ఉన్నాయి. పోయినసారి వార్డు సభ్యుడి డిపాజిట్ 1000 రూపాయలు, పది వేలు దాటిన ఊళ్లో ప్రచార ఖర్చు 50 వేలు దాటకూడదు. ఆ సంఖ్య చదివి వినిపిస్తే రియల్ ఎస్టేటు మిత్రుడికి టీ కొరబోయింది. "యాభై వేలా మాస్టారూ? అది ఫ్లెక్సీలకే చాలదు" అన్నాడు. పాత రాజకీయం తల పంకించి, "అది రాసి చూపించే యాభై వేలు బావా, పెట్టే యాభై వేలు వేరు" అని సందేహ నివృత్తి చేశాడు. ఓటుకు ఎంత అని నేనడగలేదు, వాళ్లు చెప్పలేదు. చేతివేళ్లు మాత్రం లేచాయి. అన్ని వేళ్లు అవసరమవుతాయని నేననుకోలేదు.

"ఏకగ్రీవం చేద్దామా?" మూడో ఆయన ఆశగా అడిగాడు. 2021లో పది వేలు దాటిన పంచాయతీ ఏకగ్రీవమైతే 20 లక్షల ప్రోత్సాహకమన్నారు. ఎవరూ పోటీ చెయ్యకపోతే ఊరికి డబ్బిచ్చే ప్రజాస్వామ్యం ఇది. కానీ మైలవరం లాంటి ఊళ్లో ఏకగ్రీవమంటే, టీకొట్టు దగ్గర చక్కెర ఎంత వెయ్యాలో ఇద్దరిచేత ఒప్పించండి చూద్దాం.

గుర్తుల మీద గంట చర్చ నడిచింది. పంచాయతీలో పార్టీ గుర్తులుండవు, ఎన్నికల సంఘం ఇచ్చిన జాబితాలోంచి అభ్యర్థుల పేర్ల తెలుగు అక్షర క్రమంలో పంచుతారు. గౌను, గ్యాస్ పొయ్యి, స్టూలు, బీరువా, కుండ, గరాటా. చదువుతుంటే ఎన్నికల జాబితాలా లేదు, ఆడపిల్లకు పెట్టే సారెలా ఉంది. పేరు 'అ'తో మొదలైనవాడికి జాబితాలో మొదటిది, అదృష్టం. బడి వదిలాక అక్షరమాల క్రమానికి అంత విలువుండే చోటు ఇదొక్కటే. నా పేరు ఎక్కడో చివర్న ఉంది కాబట్టి నాకు గరాటాయే రాసిపెట్టి ఉందని మూడో ఆయన జోస్యం చెప్పాడు. గరాటా గుర్తుకే మీ ఓటు! ఎంత పోసినా అడుగున నిలవదని ప్రతిపక్షం ప్రచారం చేసుకోవడానికి ఖర్చు కూడా అక్కర్లేదు.

ఇంతలో మా బాబాయి వచ్చాడు. ఆయనకు ముగ్గురు పిల్లలు, మూడోవాడు ఇద్దరు పిల్లల చట్టం వచ్చాక పుట్టాడు. ఇద్దరికంటే ఎక్కువుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న 1994 నాటి నిబంధన ఆయన రాజకీయ జీవితాన్ని పురిట్లోనే నొక్కేసింది. ఎన్నికలొచ్చినప్పుడల్లా భోజనానికి కూర్చున్న మూడోవాణ్ణి ఓ రకంగా చూసేవాడు. 2024 నవంబరులో అసెంబ్లీ ఆ నిబంధన ఎత్తేసింది. జనాభా తగ్గిపోతోంది, కనండి కనండి అని ముఖ్యమంత్రి పిలుపు కూడా ఇస్తున్నారు. "మూడోవాడికి పాతికేళ్లు దాటాయిరా, ఇప్పుడు గుర్తొచ్చామా" అని కళ్లు తుడుచుకున్నాడు బాబాయి. ఆయనా ఇప్పుడు మా వార్డుకు అభ్యర్థే. మా ఇంట్లోనే చీలిక.

చివరికి పాత రాజకీయం అసలు బాంబు పేల్చాడు. "ఒక చిన్న మాట మాస్టారూ. మన వార్డు ఈసారి ఆడవాళ్లకు పోతుందంటున్నారు."

సగం సీట్లు మహిళలకే కాబట్టి అందులో వింతేమీ లేదు. ముగ్గురూ నాకేసి కాదు, వంటింటికేసి చూస్తున్నారని అప్పుడు తెలిసింది. వాళ్లు బేరమాడుతున్నది నా పూత కాదు.

"అమ్మగారు సంతకం పెడితే చాలు. పనులన్నీ మీరే చూసుకోవచ్చు" అన్నాడు రియల్ ఎస్టేటు. సర్పంచి పతులు మన రాష్ట్రానికి కొత్త కాదు, నేను మెంబరు పతినవుతాను. డిపాజిట్ ఆవిడ పేర, ఫ్లెక్సీ మీద ఆవిడ చిన్న బొమ్మ, నేను పెద్ద బొమ్మ.

మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "అన్నయ్యగారూ, మన సందు మురుగు ఎటు పోతుంది?"

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. హామీ అడిగితే ఇచ్చేవాళ్లే, దారి అడిగితే ఎవరికీ తెలియలేదు.

"బుడమేరు వాగు మన చుట్టుపక్కల కొండల్లోనే పుడుతుంది కదా. 2024 సెప్టెంబరులో అది పొంగి విజయవాడ సింగ్ నగర్లో మా చెల్లెలి మంచం తేలింది. పైన వాగులు పూడ్చి ప్లాట్లు వేస్తే ఆ నీళ్లు ఎటు పోతాయని అప్పట్నుంచీ అడుగుదామనుకుంటున్నా. పదండి, చూసొద్దాం."

వెళ్లాం. మురుగు మా సందులోంచి కిరాణా కొట్టు పక్కగా, హాస్టలు వెనకగా పోయి, ఒక కొత్త ప్రహరీగోడ దగ్గర ఆగిపోయింది. గోడ మీద రియల్ ఎస్టేటు మిత్రుడి వెంచరు బోర్డు. ఆయన చెప్పుల వంక చూసుకున్నాడు. ప్రతి లేఅవుటులో పదో వంతు ఖాళీ జాగా పార్కుకు వదలాలి కదా, అదెక్కడ అని అడిగింది ఆవిడ. ఆయన గేటు తీసి చూపించాడు. నాలుగు సిమెంటు కుర్చీలు, వాటి మధ్య కొనుగోలుదార్లు ఫొటోలు తీసుకోవడానికి వదిలేసిన ఒకే ఒక్క మామిడి చెట్టు. ఒంటరిగా నిండా పూసి ఉంది.

ఆవిడ తల పైకెత్తి చెట్టు చుట్టూ ఒక్కసారి తిరిగింది.

"దీని కాపు ఎవరికిచ్చారు?"

"ఎవరూ అడగలేదమ్మా."

కొంగు ముడి విప్పి అయిదొందల నోటు తీసి ఆయన చేతిలో పెట్టింది. "అడ్వాన్సు. నాటు కాయ, ఆవకాయకి బాగుంటుంది. నామినేషన్ సంగతి నేను ఆలోచించుకుంటా."

ఓటరు చేతిలోంచి డబ్బు రావడం చూసి ఆ ముగ్గురూ గేటు దగ్గరే నిలబడిపోయారు. నోటు అసలుదేనా అని మూడో ఆయన వెలుతురుకేసి పెట్టి చూస్తున్నాడు.