కుళాయి కులాసా, మోకాలు కుదేలు

నెల్లూరు జిల్లా ఉదయగిరి మెట్టలో మంచినీళ్లకు కరువుంది గానీ జబ్బుల పేర్లకు లేదు. పళ్ల మీద గోధుమరంగు చారలు పడితే డెంటల్ ఫ్లోరోసిస్. ఎముకలు మందమై కీళ్లు బిగుసుకుపోతే స్కెలిటల్ ఫ్లోరోసిస్. మోకాళ్లు లోపలికి తిరిగి రాసుకుంటుంటే జెన్యూ వాల్గమ్. వెన్ను వంగిపోతే కైఫోసిస్. అబ్బో, ఎంత గంభీరమైన పేర్లు! ఇన్ని పేర్లు పెట్టిన వ్యవస్థ ఊరికో బిందె మంచినీళ్లు పెట్టలేకపోయింది.

పోనీ, నీళ్లలోని ఫ్లోరైడ్ తెచ్చిపెట్టే ఈ ఫ్లోరోసిస్ నిన్నగాక మొన్న వచ్చిన రోగమా? 1937లోనే షార్ట్ అనే తెల్లదొర తన బృందంతో కలిసి దీని గురించి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసెర్చ్‌లో అచ్చేశాడు. దేశంలో మనుషులకు ఫ్లోరోసిస్ ఉందని మొదట తేలింది నాటి నెల్లూరు జిల్లాలోనే. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరువే. 1970లో అవి కొత్త జిల్లాలో కలిశాయి. తాలూకాలకు జిల్లా మారింది. బావుల్లో నీళ్లు మారలేదు.

డాక్టర్ల కంటే ముందే రైతులు పసిగట్టారు. అరక కట్టిన ఎద్దులు నడవలేక చతికిలబడుతుంటే ఏదో తేడా ఉందనుకున్నారు. మరి సర్కారువారికి ఎప్పుడు తెలిసొచ్చింది? 71 ఏళ్లకు! 2008-09లో జాతీయ ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమం మొదలెట్టారు. తొలి విడత జిల్లాల్లో నెల్లూరు ఒకటి. రోగం బయటపడటంలో మనమే ఫస్టు, కార్యక్రమంలోనూ మనమే ఫస్టు. మురిసిపోదామా?

ఇక్కడే ఉంది మాయ. బిగుసుకుపోయిన వెన్నును మళ్లీ నిటారుగా నిలబెట్టే మాత్ర లేదు. రాకుండా చూసుకోవడమే మందు. తాగేనీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపుండాలి. వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా సర్దుకోవచ్చు. ఇదీ మన దేశపు ప్రమాణం. ఈ విషానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. కాచి తాగండని సలహా ఇచ్చే పెద్దమనుషులకో దండం. కాస్తే ఆవిరయ్యేది నీళ్లు, ఫ్లోరైడ్ కాదు. అంటే ఈ రోగానికి వైద్యం చేయాల్సింది ఇంజినీరు, ఖర్చు పెట్టాల్సింది ఖజానా. అయినా నాయకులు వైద్య శిబిరమే ఎందుకు పెడతారు? శిబిరానికి ఓ షామియానా, ఓ ఫ్లెక్సీ ఉంటే చాలు. మంచినీళ్లకు పైపు కావాలి, మోటారు కావాలి, ఏడాది పొడవునా జీతమందే ఆపరేటరు కావాలి. ఆపరేటరు పక్కన నిలబడి ఫొటో దిగేదెవరు?

పోనీ, దగ్గర్లో నీళ్లు లేవా? అనంతసాగరం మండలంలో సోమశిల జలాశయం ఉంది. సామర్థ్యం 78 టీఎంసీలు. అక్కణ్ణుంచి కండలేరుకు, కండలేరు నుంచి కాలువలో 152 కిలోమీటర్లు ప్రయాణించి తమిళనాడు సరిహద్దు దాకా, ఆపైన పూండి జలాశయానికి, చెన్నపట్నానికి తెలుగుగంగ వెళుతుంది. మంచిదే, దాహానికి ఎల్లలేంది? మరి ఉదయగిరి సంగతేంది? ‘అది మిట్ట సామీ, నీరు పల్లమెరుగు’ అంటారు. నిజమే. హామీ మాత్రం ఎంత మిట్టనైనా ఎక్కుతుంది. దానికి మోటారూ అక్కర్లేదు, కరెంటు బిల్లూ రాదు.

ఆ హామీల్లో రెండు చూడండి. సోమశిల హైలెవెల్ కాలువ రెండో దశకు 2020 నవంబరులో వర్చువల్‌గా శంకుస్థాపన చేశారు. వెలిగొండ ప్రాజెక్టుకు తొలి శంకుస్థాపన జరిగింది 1996లో. 2024 మార్చిలో దాని సొరంగాలను జాతికి అంకితం చేశారు. జాతికి సొరంగం దక్కింది. నీళ్లు బాకీ. ఈ బాకీ ఏ పార్టీది? అన్ని జెండాలదీ. ఒకరు పునాదిరాయి వేస్తారు, ఇంకొకరు రిబ్బను కత్తిరిస్తారు, మూడోసారి మళ్లీ మొదటివారే వచ్చి ‘సమీక్ష’ చేస్తారు. ఈలోగా పిల్లలు పెరుగుతారు. శాశ్వత దంతాల పింగాణీ ఎనిమిదేళ్లలోపే రూపు కడుతుంది. అప్పుడు పడ్డ మచ్చ చచ్చేదాకా పోదు. హామీ ఐదేళ్లకోసారి మళ్లీ మొలుస్తుంది. పన్ను మొలవదు.

ఢిల్లీ తక్కువ తిన్నదా? 2019 ఆగస్టు 15న ఎర్రకోట మీద జల్ జీవన్ మిషన్ ప్రకటించారు. 2024కల్లా ఇంటింటికీ కుళాయి అన్నారు. గడువు ఇప్పుడు 2028కి జరిగింది. కాగితం మీద దాని పేరు ‘పనిచేసే కుళాయి’. మనిషికి రోజుకు 55 లీటర్లు, నాణ్యంగా, క్రమం తప్పకుండా రావాలని నిబంధన. చదవడానికి ఎంత కమ్మగా ఉంది! కుళాయి పనిచేస్తోందని అధికారి టిక్కు పెడతాడు. మోకాలు పనిచేస్తోందా అన్న గడి ఆ ఫారంలో లేదు.

ఆ గడి వేరే ఆఫీసులో ఉంది. దాన్ని సదరం అంటారు. అక్కడ నడుమెంత వంగిందో, మోకాలెంత తిరిగిందో కొలుస్తారు. వైకల్యం 40 శాతమైతే పింఛను, 39 అయితే ఇంటికి పో. 2024లో పింఛను 6,000 రూపాయలు చేశారు, సంతోషం. మరుసటేడే తనిఖీ అన్నారు, నోటీసులిచ్చారు. సగం వంగిన మనిషి, వంగింది నిజమేనని మళ్లీ రుజువు చేసుకోవాలట! ఊరి బోరును ఇంత అనుమానంగా ఎప్పుడైనా చూశారా? గుత్తేదారు బిల్లును చూశారా?

అంత కచ్చితమైన కొలతలున్నప్పుడు పేదోడి మోకాలితోనే ఎందుకు ఆపడం? ప్రాజెక్టులకూ సదరం పెట్టండి. వెలిగొండను బల్లెక్కించండి. హైలెవెల్ కాలువను నడిపించి చూడండి. మూతబడ్డ ఆర్వో ప్లాంటుకు శాతం వేయండి. లోపం 40 దాటితే సంబంధిత మంత్రిగారికి నోటీసివ్వండి. పొద్దున్నే వచ్చి, ఎండలో వరసలో నిలబడి, తన పని తాను చేస్తున్నానని రుజువు చేసుకోమనండి. ఏడాదికోసారి, తప్పకుండా. బస్సు ఛార్జీలు ఆయనవే.