ఓవెన్లో స్వెట్టర్లు

'సెక్స్ అండ్ ది సిటీ' సీరియల్లో కాలమిస్ట్ క్యారీ బ్రాడ్‌షాది మన్‌హాటన్‌లో ఒంటిగది కాపురం. మంచమూ అక్కడే, రాతబల్లా అక్కడే. చిన్నింటి సింగారమంటే అదేనని 1998 నుంచీ మురిసిపోతున్నవాళ్లెందరో! ఇంతకీ కిటుకేమిటంటే, బట్టలు పెట్టుకునే నడవలోంచే బాత్రూమ్‌కు దారి, ఓవెన్లో స్వెట్టర్లు. పొయ్యి వెలిగించకపోతే వంటిల్లూ బీరువాయే మరి!

తీరా ఆ ఇల్లు కొనుక్కోవాల్సొచ్చేసరికి చేతిలో చిల్లిగవ్వ లేదు. లెక్క తీస్తే చెప్పులకే 40,000 డాలర్లు! ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది డిజైన్ మహిమతో కాదు, అద్దె నియంత్రణ పుణ్యాన.

ఇల్లు సర్దడం సరే తల్లీ, వారానికో కాలమ్ రాసి మన్‌హాటన్‌లో బతకడమెలాగో చెప్పు. ఇక్కడ మేమూ కాలమ్‌లే రాస్తున్నాం!