చిన్న కారు, పెద్ద డాబు

మనలో మాట. కారు కొనేవాళ్లంతా అవసరానికే కొంటున్నామని చెబుతారు. ఇంట్లో అదే చెబుతారు, బజారులో అదే చెబుతారు, లోను ఇచ్చే బ్యాంకులోనూ అదే చెబుతారు. కానీ తెలిసినవాళ్లు నిలబడి ఉన్న చోట బండి ఆపి, తలుపు తీసి, తాపీగా దిగాలన్న ఆశ ఒకటి లోపల కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంటుంది. దాని గురించి ఎవరూ నోరు విప్పరు. నేను విప్పుతున్నాను. అలాంటి ఆశ మీలో లేదంటే మాత్రం నమ్మను.

మాది పాలకుర్తి. భాగవతం తెనిగించిన పోతన ఊరు బమ్మెర మా మండలంలోదే. రాజుల సొమ్ము వద్దనుకుని, పొలం దున్నుకుని బతికాడని ఆయన గురించి చిన్నప్పటి నుంచి గొప్పగా చెప్పుకుంటూ పెరిగాను. ఆ నేల మీద పుట్టినవాణ్ని, మూడు మీటర్ల పొడవైనా లేని ఒక కారు కోసం ఎండాకాలమంతా నిద్ర మానుకున్నాను.

అవసరం ఉన్న మాట నిజమే. నా బడి తొర్రూరు వైపు. రోజూ పోయి రావడం కలిపి యాభై కిలోమీటర్ల లోపే. పెట్రోలు లీటరు వంద దాటి ఏళ్లయింది. నెలంతా తిరిగితే మా పాత కారు ఏడు వేల పైచిలుకు పెట్రోలు తాగుతుంది. అదే తిరుగుడుకు చిన్న ఎలక్ట్రిక్ కారైతే ఇంట్లో కరెంటు బిల్లు పదిహేను వందల లోపే పెరుగుతుంది. లెక్క అక్కడికే ఆపి, ఐదు తలుపులున్న టాటా టియాగో ఈవీని సెకండ్ హ్యాండులో వెతుక్కుని ఉంటే మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. టియాగో ఈవీని నేను ఎందుకు వద్దనుకున్నానో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. పెట్రోలు టియాగో మా చుట్టుపక్కల చాలామందికి ఉంది. రెండూ దూరం నుంచి ఒకేలా ఉంటాయి. బజారులో పోతుంటే ఎవరూ తల తిప్పి చూడరు. వద్దనుకోవడానికి నాకున్న కారణం అదొక్కటే.

నా కళ్లు ఎక్కడో ఉన్నాయి మరి. 2022 ఫిబ్రవరిలో ఎలక్ట్రిక్ మినీ కూపర్ ఎస్ఈ మన దేశానికి వచ్చింది. ధర 47.20 లక్షలు, బ్యాటరీ 32.6 కిలోవాట్ అవర్లు, ఒక్క చార్జింగుకు 270 కిలోమీటర్లని కంపెనీ మాట. మొదటి విడత తెచ్చిన 30 బళ్లూ బుక్కైపోయాయి. ఆ కారు వీడియోలు రాత్రిళ్లు దుప్పటి కింద ఎన్నిసార్లు చూశానో లెక్కే లేదు. మా ఇంటి గేటు ముందు అది ఆగినట్టూ, శివరాత్రి జాతరలో సోమేశ్వరుడి గుట్ట దగ్గర జనం దాని చుట్టూ మూగినట్టూ ఊహించుకునేవాణ్ని. మా ఇల్లమ్మినా ఆ కారు రాదు. అందుకని కోరికను జేబుకు తగ్గట్టు కుదించాను. అది ఎంజీ కామెట్ దగ్గర ఆగింది. 2023లో వచ్చిన బండి. ముందు రెండే తలుపులు, నాలుగు సీట్లు, లోపల పక్కపక్కన రెండు పెద్ద స్క్రీన్లు. పొడవు 2,974 మిల్లీమీటర్లు. మా చౌరస్తాలో అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. ఇంకేం కావాలి?

హైదరాబాదులో ఒక కార్ కన్సల్టెన్సీలో సెకండ్ హ్యాండు కామెట్ ఒకటి ఉందని తెలిసింది. ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. ఉప్పల్లో దిగేదాకా కూడబలుక్కున్న ప్రశ్నలన్నీ ఆ కారు కనబడగానే గాలికి పోయాయి. తెల్లగా, గుండ్రంగా, నా కోసమే కడిగి పెట్టినట్టు నిలబడి ఉంది. అమ్మే అబ్బాయి నవ్వుతూ వచ్చాడు. డాక్టరుగారి బండి సార్ అన్నాడు. మన దేశంలో డాక్టర్లు ఎంతమంది ఉన్నారో తెలియదు గానీ సెకండ్ హ్యాండు కార్లన్నీ వాళ్లవే. లోపల కూర్చున్నాను, స్క్రీన్లు వెలిగాయి, పాట మోగింది, ఏసీ చల్లగా తగిలింది, అబ్బాయి ఫొటో తీశాడు, నేను ఇంకోటి తీయమన్నాను, స్టీరింగు మీద చెయ్యి వేసి మరోటి, ఆ మూడూ చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను, రెండు నిమిషాల్లో శుభాకాంక్షలు మొదలయ్యాయి, కరీంనగర్ నుంచి మా చిన్నాన్న ఫోనే చేశాడు, దావత్ ఎప్పుడని అడిగాడు, ఇక వెనక్కి తగ్గితే పరువేం కావాలని అక్కడికక్కడే బయానా కొట్టి రసీదు జేబులో పెట్టుకున్నాను. బ్యాటరీ ఎంత ఆరోగ్యంగా ఉందని అడగలేదు. లోను తీరిందా అని అడగలేదు. చార్జింగు కేబులు ఉందా అని కూడా అడగలేదు. సీట్ల రంగు గురించి మాత్రం చాలాసేపు మాట్లాడాను.

ఇలా జరిగేది నాకొక్కడికే కాదని నా నమ్మకం. బజారులో బెండకాయలు కొనేటప్పుడు ఒక్కొక్కటీ తుంచి చూసే మనం, లక్షల వస్తువు దగ్గరికి వచ్చేసరికి ఎదుటివాడి ముందు తెలియనివాళ్లలా కనబడతామేమోనని నోరు మూసుకుంటాం.

తెల్లారి ఫోనులో ఫొటో పెద్దది చేసి అమ్మకు చూపించాను. ఆమె మోకాళ్ల నొప్పుల మనిషి. అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "బిడ్డా, ఎన్క తలుపేది? నేనెట్ల ఎక్కాలె?" అన్నది. ముందు సీటు మడిచి, తల వంచి, కాలు లోపలికి పెట్టి వెనక్కి జరగాలని చెప్పబోయి ఆగిపోయాను. కొత్త కారులో ముందుగా వరంగల్ ఆసుపత్రికి తీసుకుపోవాల్సింది ఆమెనే.

సాయంత్రం మా బామ్మర్ది వచ్చాడు. కరెంటు పని చేస్తాడు. ఫొటో వంక చూడనే లేదు. "బావా, కారు సంగతి తర్వాత. ముందు మీ ఇంట్ల ఎర్తింగు చూపియ్యి" అన్నాడు. పెరట్లో జామచెట్టు కింద ఇల్లు కట్టినప్పుడు ఉప్పు, బొగ్గు పోసి పాతిన జీఐ పైపు ఉంది. దాని మూతి మట్టితో పూడుకుపోయింది. చుట్టిన తీగ తుప్పుపట్టి చేత్తో పట్టుకుంటే పొడి రాలింది. బామ్మర్ది హోల్డరుకు బల్బు బిగించి ఒక తీగ ఫేజులో, ఒక తీగ ఎర్తులో పెట్టాడు. బల్బు మిణుగురంత కూడా వెలగలేదు. "గిట్లుంటె చార్జరు ఎర్ర లైటు చూపెట్టి ఊకుంటది బావా. ఊకోకపోతె ఇంకా ప్రమాదం" అన్నాడు. చార్జరు పెట్టాలంటే పదహారు ఆంపియర్ల సాకెట్టు విడిగా బిగించాలి, మీటరు నుంచి మందపాటి వైరు లాగాలి, మంజూరైన లోడు సరిపోకపోతే పెంచుకోవాలి. 3.3 కిలోవాట్ల చార్జరు రాత్రంతా నడుస్తుంది. అదే వేళకు బోరు మోటర్లు కూడా మొదలైతే వోల్టేజీ పడిపోయే వీధి మాది.

ఆ రాత్రి మొదటిసారి కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను. కామెట్ బ్యాటరీ 17.3 కిలోవాట్ అవర్లు. చార్జింగులో పోయే నష్టం కలుపుకుంటే నిండటానికి ఇరవై యూనిట్ల దాకా కావాలి. కంపెనీ చెప్పే 230 కిలోమీటర్లు పరీక్ష లెక్క. మే నెల ఎండలో ఏసీ వేసుకుని, నలుగురం కూర్చుంటే 150 వచ్చినా సంతోషించాలి. నా బడికి అది మూడు రోజుల తిరుగుడు. ఎంతో బాగుంది. మా కరెంటు బిల్లులో కిటుకు ఇంకోటి ఉంది. నెలకు 200 యూనిట్లు దాటగానే మొదటి 200 యూనిట్లకూ ధర మారి 5.10 రూపాయలవుతుంది. ఆ పైన 300 దాకా 7.70, తర్వాత 9. అయినా కిలోమీటరుకు రూపాయికి కాస్త అటూ ఇటూగా పడుతుంది. పెట్రోలుతో పోలిస్తే ఇది భాగ్యమే.

నేను చుట్టాలకు చెప్పింది మాత్రం బడి గురించి కాదు. హైదరాబాదుకు ఆ కారులోనే వస్తానన్నాను. పాలకుర్తి నుంచి జనగామ, ఆలేరు, భువనగిరి మీదుగా ఉప్పల్ వందకు పైనే. పోవడం పోతాను. తిరిగి రావడం ఎట్లా? కామెట్‌కు డీసీ ఫాస్ట్ చార్జింగు లేదు. 3.3 కిలోవాట్ల చార్జరుతో సున్నా నుంచి నిండటానికి ఏడు గంటలు. చుట్టాలింట్లో పొద్దంతా కూర్చుని, వాళ్ల బాల్కనీ నుంచి వైరు వేలాడదీసుకుని, వాళ్ల మీటరు తిప్పి రావాలి. నేను పక్కన పెట్టిన టియాగో ఈవీ పెద్ద బ్యాటరీ 24 కిలోవాట్ అవర్లు, పరీక్ష లెక్కలో 315 కిలోమీటర్లు. డీసీ చార్జరు దగ్గర గంట లోపే పది శాతం నుంచి ఎనభైకి వస్తుంది. వెనక తలుపులున్నాయి, అమ్మ కూర్చుంటుంది, డిక్కీలో బియ్యం బస్తా పడుతుంది. కామెట్ నగరం కోసం కట్టిన బండి. ఇరుకు సందుల్లో, అపార్టుమెంటు పార్కింగులో దాన్ని మించింది లేదు. నగరం బండిని పాలకుర్తికి తెచ్చుకుని, దాన్ని తిరిగి నగరానికి తోలాలన్నది నా తెలివి.

ఇక మూడో దెబ్బ. కన్సల్టెన్సీకి ఫోన్ చేసి ఆర్సీ కాపీ పంపమన్నాను. హైపోతికేషన్, అంటే బండి మీద లోను ఉంది. తవ్వితే తెలిసింది, ఆ బండిని బ్యాటరీ విడిగా అప్పు మీద తీసుకున్నారు. 2024 సెప్టెంబరు నుంచి కామెట్‌ను ఆ పద్ధతిలో కూడా అమ్ముతున్నారు. అప్పుడు బండికి 4.99 లక్షలు, బ్యాటరీకి కిలోమీటరుకు రెండున్నర రూపాయలు. కొత్తగా కొనేవాళ్లకు అందులో సౌకర్యం ఉండొచ్చు. సెకండ్ హ్యాండులో కొనేవాళ్లు మాత్రం ఆ బ్యాటరీ బాకీ ఎవరి మెడలో పడుతుందో కాగితం మీద తేల్చుకోకుండా అడుగు వేయకూడదు. నేను సీట్ల రంగు అడిగి వచ్చాను. సగం బయానా వదులుకుని బయటపడ్డాను. వాట్సాప్ గ్రూపులో ఏం చెప్పానంటారా? మోడల్ మారుస్తున్నానని చెప్పాను. అది కూడా ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ అంటే మనకు భయం ఉండటానికి పాత కారణం ఉంది. బెంగళూరు నుంచి 2001లో వచ్చిన రేవా మన దేశపు తొలి తరం ఎలక్ట్రిక్ చిన్న కారు. లండన్ వీధుల్లో జీ-విజ్ పేరుతో తిరిగింది. దానిలో ఉన్నవి ఇన్వర్టర్ల మాదిరి లెడ్ యాసిడ్ బ్యాటరీలు. కొన్నేళ్లకే మార్చాల్సి వచ్చేది, బ్యాటరీ పోతే బండి విలువా పోయేది. ఇప్పటి లిథియం బ్యాటరీలు అలా ఒక్కసారిగా చేతులెత్తేయవు, మెల్లమెల్లగా తగ్గుతాయి. టియాగో ఈవీ బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. జనం ఇంకా భయపడుతున్నారు కాబట్టే సెకండ్ హ్యాండులో ఇవి త్వరగా ధర తగ్గుతాయి. ఆ భయం మనలాంటివాళ్లకు లాభం, తూకం వేసి చూసుకోగలిగితే.

ఇప్పుడు మళ్లీ వెతుకుతున్నాను, బామ్మర్దిని వెంట పెట్టుకుని. మేం అడిగేవి వింటే అమ్మేవాళ్లకు విసుగొస్తోంది. రాత్రి వంద శాతం నింపి ఉంచమంటున్నాం. పొద్దున్నే ఏసీ వేసుకుని ఇరవై శాతం వచ్చేదాకా తోలి, ఎన్ని కిలోమీటర్లు వచ్చాయో రాసుకుంటాం. కంపెనీ సర్వీసు సెంటర్‌లో బ్యాటరీ ఆరోగ్యం రిపోర్టు తీయిస్తాం. బండి ఎత్తించి కింద బ్యాటరీ పెట్టె మీద స్పీడు బ్రేకర్లు గీసిన గీతలు చూస్తాం. మా ఊళ్ల స్పీడు బ్రేకర్లు మీకు తెలియనివి కావు. చార్జింగు కేబులు, రెండో తాళంచెవి, ఫైనాన్సు ఎన్ఓసీ చేతికి ఇస్తేనే మాట. వారంటీ రెండో యజమానికి ఎంతవరకు మారుతుందో కాగితం చూస్తాం. 2024లో వచ్చిన ఎంజీ ఎలక్ట్రిక్ కారు విండ్సర్‌కు బ్యాటరీ మీద జీవితకాల వారంటీ అన్నది మొదటి యజమానికే మరి.

ధర దగ్గర ఒక సంగతి గుర్తుంచుకోండి. తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా రిజిస్టరయ్యే కొత్త ఎలక్ట్రిక్ కార్లకు రోడ్డు ట్యాక్సూ, రిజిస్ట్రేషన్ ఫీజూ మాఫీ చేశారు. అంటే కొత్తదాని ఆన్‌రోడ్డు ధరే తక్కువ. పాత బండి అమ్మేవాళ్లు పెట్రోలు కార్ల లెక్కన ఆన్‌రోడ్డు నుంచి ఇంత తగ్గించామంటే ఒప్పుకోవద్దు. అదీగాక కన్సల్టెన్సీ దగ్గర కొంటే వాళ్ల మార్జిను మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, యజమాని నుంచి నేరుగా కొంటే ఉండదు.

రోజూ వంద కిలోమీటర్ల లోపు తిరిగేవాళ్లు, సొంత ఇల్లూ దాని ముందు నీడా ఉన్నవాళ్లు, ఊరు దాటే ప్రయాణానికి ఇంట్లో ఇంకో బండి ఉన్నవాళ్లు పాత చిన్న ఎలక్ట్రిక్ కారు కళ్లు మూసుకుని కాదు, కళ్లు తెరిచి కొనుక్కోవచ్చు. ఉన్న ఒక్క కారూ అదే కావాలంటే వెనక తలుపులు, డీసీ చార్జింగు ఉన్నదే చూసుకోండి. జనగామ, తొర్రూరు వైపు ఎవరైనా 24 కిలోవాట్ అవర్ల టియాగో ఈవీ అమ్ముతుంటే పాలకుర్తిలో ఈ మాస్టారు కోసం అడగండి. కొత్త ఎర్తింగు వేయించాను. రంగు ఏదైనా పర్వాలేదు.