ఆరుంబావు సెంట్ల ఆసామి

ఇంగ్లండ్‌లో మాకు మూడువందల గజాల ప్లాటు వచ్చిందని చెప్పగానే బెజవాడలో ఉన్న మా తమ్ముడు స్పీకర్ ఆపేసి ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. వాడిది రియల్ ఎస్టేట్ వ్యాపారం. ఆ వృత్తిలో శుభవార్తలు నలుగురిలో వినరు.

"గజం ఎంత పడిందక్కా?"

"కొనలేదురా, అద్దెకు. ఏడాదికి తొంభై పౌండ్లు."

"లీజు ఎంత కాలం? తొంభై తొమ్మిదేళ్లా?"

"ఏడాది. బాగా చూసుకుంటే మళ్లీ ఏడాది."

"ఎన్ని ఫ్లోర్లకు పర్మిషన్?"

"ఇల్లు కట్టకూడదు. రాత్రిపూట అక్కడ పడుకోకూడదు కూడా."

"మరేం చేసుకుంటారు?"

"కూరగాయలు పండించుకుంటాం."

అటువైపు చాలాసేపు ఏమీ వినపడలేదు. చివరికి గొంతు తగ్గించి, "బావ ఉద్యోగం బాగానే ఉంది కదా?" అన్నాడు.

వాణ్ని అని లాభం లేదు. మనవాళ్లకు ప్లాటు అంటే హద్దురాళ్లు, ఈసీ, లింకు డాక్యుమెంట్లు, తూర్పు ముఖం. అందులో మొక్క మొలిస్తే అది కంప, దాన్ని కొట్టించాలి. బ్రిటన్‌లో అలాట్‌మెంట్ ప్లాటు దీనికి సరిగ్గా తలకిందులు. అమ్ముకోలేం, కట్టుకోలేం, పిల్లలకు రాసివ్వలేం. మొక్క మొలవకపోతే మాత్రం ఖాళీ చేయిస్తారు. రైలుపట్టాల వెనకా, శ్మశానాల పక్కనా, ఇంకెందుకూ పనికిరాదనుకున్న చోట్ల ఉంటాయి ఈ తోటలు. పెరడు లేని ఇళ్లలో కిక్కిరిసి బతికే కార్మికులు నాలుగు దుంపలు పండించుకుంటారని పెరిగిన ఏర్పాటు. 1908 నాటి చట్టం ప్రకారం ఊళ్లో గిరాకీ ఉంటే కౌన్సిల్ నేల చూపించాలి. ఆరుగురు ఓటర్లు కలిసి అర్జీ పెడితే పట్టించుకోక తప్పదు. ఆరుగురు తెలుగువాళ్లం కలిస్తే మూడు సంఘాలవుతాం గనక మేం ఆ దారి పట్టలేదు. వరసలో నిలబడ్డాం.

వరస అంటే మామూలు వరస కాదు. పేరు రాయించినప్పుడు మా అమ్మాయి నర్సరీలో ఉంది. కౌన్సిల్ ఉత్తరం వచ్చేసరికి హైస్కూల్లో చేరి, మాతో కలిసి బయటికి రావడమే మానేసింది. కొన్ని ఊళ్లలో జాబితా ఎంత పొడుగయిందంటే కొత్త పేర్లు రాసుకోవడమే ఆపేశారు. మాది మిడ్‌లాండ్స్‌లో ఓ మోస్తరు ఊరు గనక మా జన్మలోనే వచ్చింది.

గేటు తాళంచెవితో పాటు నియమాల పుస్తకం ఒకటి ఇచ్చారు. నేలలో మూడొంతులు ఎప్పుడూ సాగులో ఉండాలి. షెడ్డు ఇంత పొడుగు, ఇంత వెడల్పు మించకూడదు. కలుపు అణచడానికి పాత కార్పెట్లు పరచకూడదు. పెద్ద చెట్లు నాటకూడదు. కోళ్లూ కుందేళ్లూ పెంచుకోవచ్చు, 1950లో ఆ హక్కు చట్టంలోనే పెట్టారు, కానీ పుంజు పనికిరాదు. భీమవరం స్నేహితుడొకాయన ఈ ముక్క చదివి పుస్తకం మూసేశాడు. "పెట్టలతో ఏం చేసుకుంటామండీ!" అన్నాడు, సంక్రాంతి ఇంకా ఆర్నెల్లుండగానే కళ్లల్లో నీళ్లు పెట్టుకుని.

వాస్తు సంగతి మా తమ్ముడు తర్వాత మెసేజ్‌లో కనుక్కున్నాడు. షెడ్డు ఈశాన్యంలోనే ఉంది. అందుకే పాత ఆసామి వదిలేసి ఉంటాడని వాడి తీర్మానం. ఆయన తొంభై ఏళ్లు బతికి పోయాడని నేను చెప్పలేదు.

ఆ వేసవికి మా మామయ్యగారు వచ్చారు. ఆయన గురించి కొంచెం చెప్పాలి. కృష్ణ ఒడ్డున వాళ్లది జరీబు నేల. నాలుగు బారలు తవ్వితే నీళ్లు, అరటి, కంద, దొండ, ఏది వేస్తే అది. 2015లో రాజధాని కోసం భూసమీకరణలోకి వెళ్లిన 29 ఊళ్లలో వాళ్లదొకటి. జరీబు ఎకరానికి 1000 గజాల ఇంటిస్థలం, 450 గజాల వాణిజ్య స్థలం లెక్క కట్టారు. పదేళ్లపాటు ఏటా కౌలు ఇస్తామన్నారు, ఎకరానికి మొదటి ఏడు 50,000 రూపాయలు, ఆపైన ఏటేటా ఐదేసి వేలు పెంపు. పొలం పోయి ప్లాట్లొచ్చాయి. పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్లాలో తెలియక అరుగు మీద కూచోవడం ఆయనకు అప్పటి నుంచే. అంటే, మామయ్యగారు పొలాన్ని ప్లాటు చేసి కౌలు పుచ్చుకున్న మనిషి. ఆయన కొడుకూ కోడలూ కౌలు చెల్లించి ప్లాటును పొలం చేస్తున్న మనుషులు. ఒకే ఇంట్లో ఇన్ని తెలివితేటలు ఉండకూడదు.

తోటకు తీసుకెళ్లిన మొదటిరోజు ఆయన ఏమీ మాట్లాడలేదు. చేతులు వెనక్కి కట్టుకుని ప్లాటు చుట్టూ అడుగులు వేశారు. ఇక్కడి కొలత ఇప్పటికీ రాడ్లలోనే, పూర్తి ప్లాటు అంటే పది రాడ్లు, అది 302 గజాల పైచిలుకు అని మావారు సెల్‌ఫోన్‌లో చూసి చెబుతుండగానే ఆయన నోటిలెక్క పూర్తయింది.

"ఆరుంబావు సెంట్లు. ఎకరంలో పదహారో వంతు. తొంభైని పదహారు పెట్టి హెచ్చవేసి రూపాయల్లో చెప్పరా."

మావారు చెప్పారు.

"ఎకరానికి లక్షన్నర కౌలా! మిర్చి చేలక్కూడా అంత లేదు కదరా. పైగా రెండో పంట లేదు." అని, కాసేపాగి, "ఏదీ, పార ఇలా తే" అన్నారు.

ఇక్కడ పార ఉండదు. నిటారుగా నిలబడి కాలితో తొక్కే స్పేడ్ ఉంటుంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వంగకుండా వ్యవసాయం చేసే జాతిని మొదటిసారి చూస్తున్నానన్నారు. పక్క ప్లాటులో గుర్రపు లద్దె పోగు చూశాకే మొహం విప్పారింది. గుప్పెడు తీసి నలిపి, వాసన చూసి, "ఇదమ్మాయ్ అసలు సరుకు" అన్నారు. లండన్‌లో ఆయన్ను రాజుగారి కోటలన్నీ తిప్పాం. ఆ మొహం అక్కడ కనపడలేదు.

ఆ పోగు పదిహేడో నంబరు ఆసామిది. అలాట్‌మెంట్లలో మనుషులకు పేర్లుండవు, నంబర్లుంటాయి. పదిహేడు రిటైరైన ఫ్యాక్టరీ మనిషి. మా వీధిలో పదేళ్లుగా ఉంటున్న తెల్లవాళ్లు వాతావరణం దాటి మాట్లాడలేదు గానీ, ఈయన మొదటి పావుగంటలోనే మా దుంపల లోతు, మా షెడ్డు తలుపు, మావారి నడుము వంపు, మూడింటినీ సరిదిద్దాడు. బంగాళాదుంపలు గుడ్‌ఫ్రైడే నాడే పాతాలట. ఆ పండుగేమో చంద్రుణ్ని బట్టి నెలరోజుల తేడాలో ముందుకీ వెనక్కీ జరుగుతుంటుంది. ఆ సంగతి దుంపకు ఎవరు చెబుతారో తెలియదు. మావారు నవ్వబోయారు గానీ మామయ్యగారు ఊరుకోలేదు. "మనకు ఏరువాక పున్నమి లేదుట్రా? ఆయన చెప్పినట్టు చెయ్యి" అన్నారు.

యుద్ధకాలపు కథలన్నీ పదిహేడు దగ్గరే విన్నాం. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ సబ్‌మెరైన్లు తిండి ఓడల్ని ముంచుతుంటే ప్రభుత్వం ఊరూరా జనం చేత తవ్వించింది. పార్కులు, ఆటస్థలాలు, ఆఖరికి లండన్ టవర్ కోట కందకంలో కూడా కూరగాయలు వేశారు. మన కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే కోహినూర్‌ను ఇప్పుడు పెట్టింది ఆ కోటలోనే అని మావారు అందుకున్నారు. 2022లో జిల్లాలు విడదీసేదాకా కొల్లూరు మామయ్యగారి జిల్లాయే. ఆయన వజ్రం సంగతి వదిలేసి, కందకంలో తేమ నిలుస్తుంది కదా, ఏం వేసి ఉంటారు, కందా అని అడిగారు.

ఇక శత్రువులు. బైండ్‌వీడ్ అనే తీగ ఉంది. తెల్లటి వేరు అంగుళం ముక్క మిగిలినా మళ్లీ మొలుస్తుంది. దానికంటే ఘోరం స్లగ్గులు, పెంకులేని నత్తలు. వీటికోసం అందరూ చల్లుతూ వచ్చిన పాత రకం నీలం గుళికల్ని 2022లో నిషేధించారు. అప్పటి నుంచీ తోటంతా పాత పద్ధతిలోకి వచ్చింది. మట్టిలో గిన్నె పాతి బీరు పోస్తే రాత్రికి వాసనకొచ్చి అందులో పడి చస్తాయి. పదిహేడు పొద్దుగుంకే వేళ డబ్బా తెరిచి గిన్నెల్లో వంచుకుంటూ పోతుంటే మామయ్యగారు నిర్ఘాంతపోయారు. "మా ఊళ్లోనూ పురుగుకు మందు కొడతారమ్మా, ఈ మందు కాదు."

మొదటి ప్రమాదం రూబార్బ్ దగ్గర తప్పింది. విదేశాల్లో గోంగూర దొరకని తెలుగువాళ్లు దాని ఎర్రటి పుల్లటి కాడలతో పచ్చడి చేసుకుని కళ్లు మూసుకుని తింటారు. కళ్లు తెరిస్తే రుచి మారుతుంది. మామయ్యగారు దాని పెద్దపెద్ద ఆకులు చూసి, కాడలు అవతల పారేసి ఆకులు ఒడిలో వేసుకోవడం మొదలెట్టారు. పదిహేడు కంచె దూకి వచ్చాడు. ఆకు విషం. మన గోంగూరకు ఆకు తిని కాడ పారేస్తాం, దీనికి కాడ తిని ఆకు పారేయాలి. "అన్నీ ఉల్టాయే ఈ దేశంలో, బండ్లు కూడా" అన్నారు ఆయన. బండ్లు మనలాగే ఎడమ వైపే పోతాయని ఎవరం గుర్తు చేయలేదు.

ఇరవైరెండో నంబరు జమైకా పెద్దావిడ. చిన్నప్పుడు అమ్మానాన్నల దగ్గరికి ఓడలో వచ్చి ఇక్కడే పండిపోయింది. ఓ సాయంత్రం మామయ్యగారు ఆవిడ మడి దగ్గర ఆగి, ఆకు తుంచి, నలిపి, నోట్లో వేసుకుని, "తోటకూర!" అని కేకేశారు. ఆవిడ "కాలలూ!" అని దిద్దింది. ఇద్దరిదీ ఒకే ఆకు. ఆవిడ దాన్ని ఉప్పుచేపతో వండుతుందని తెలిశాక ఆయన గౌరవం పెరిగింది, ఆయన ఎండురొయ్యల సంగతి ఎత్తాక ఆవిడది పెరిగింది. ఈయన తెలుగులో, ఆవిడ జమైకా యాసలో, జూన్‌లో ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది గనక చాలాసేపు మాట్లాడుకునేవారు. నేను మధ్యలో తర్జుమాకు వెళ్తే ఇద్దరూ విసుక్కునేవారు.

గోంగూర దగ్గర మాత్రం ఒప్పందం రాసుకోవాల్సి వచ్చింది. జమైకా వాళ్లు ఎర్రగోంగూర కాయల పైతొడుగుల్ని మరిగించి క్రిస్మస్‌కు పానకం చేసుకుంటారు. ఆకు పశువుల పాలు. మేం ఆకు తింటాం, కాయల్ని పట్టించుకోం. ఆరుబయట ఈ చలికి గోంగూర బతకదు గనక ఆవిడ పాలిథిన్ గుడారంలో వేశారు, విత్తనం ఆవిడది, చాకిరీ మామయ్యగారిది, ఆకు మాకు, కాయ ఆవిడకు. ఆకు వచ్చింది, పచ్చడి అయింది. గోంగూర పూతకు రావాలంటే పగళ్లు కురచ కావాలి. పగళ్లు కురచయ్యేసరికి ఇంగ్లండ్‌లో చలి దిగుతుంది. ఆవిడ వాటా ఇప్పటికీ బాకీ. భాగస్వామ్య వ్యవసాయంలో ఇలాంటివి ఉంటాయని మామయ్యగారు అంటారు గానీ, ఒప్పందం రాసింది ఆయనే.

కూర్జెట్ కథ ఇలా తేలిగ్గా తేలలేదు. గుమ్మడిజాతి కాయ, కోసి వండితే బీరకాయకు దగ్గర చుట్టం. రెండు పాదులు ఒక కుటుంబానికి చాలని విత్తనాల ప్యాకెట్ మీదే రాసి ఉంది. మావారు ఆరు వేశారు. జులైలో కాపు మొదలైంది. పొద్దున వేలెడున్న కాయ వారాంతానికి మోచేతి పొడుగు. కూర, పప్పు, పచ్చడి, బజ్జీ, పెసరపప్పు వేసి పొడికూర, చివరికి హల్వా. ఇక్కడే చట్టం అడ్డొచ్చింది. అలాట్‌మెంట్ అంటే ఏమిటో 1922లో నిర్వచించారు. పండించిన కూరగాయలూ పళ్లూ పూర్తిగానో ముఖ్యంగానో సాగుదారూ అతని కుటుంబమూ తినడానికే. వ్యాపారం కుదరదు. మా అమ్మాయి ఆ పేరా చదివి, ఇది పిల్లల హక్కుల చట్టానికి విరుద్ధమేమో చూడమంది.

పంచిపెడదామంటే అందరికీ అదే పంట. జులై, ఆగస్టుల్లో తోట గేటు దగ్గర "దయచేసి తీసుకోండి" అని బుట్టలు, వాటి నిండా కూర్జెట్లు, తీసుకునే నాథుడు లేడు. తెలుగు సంఘం పిక్నిక్‌కు తీసుకెళ్తే అక్కడ ముగ్గురు అప్పటికే కార్ల డిక్కీలు తెరిచి నిలబడి ఉన్నారు. గుడి వంటశాల వాళ్లు సాంబారుకు ఒకసారి పుచ్చుకున్నారు. రెండోసారి మా కారు చూసి లైట్లార్పారు. మావారు చీకటి పడ్డాక వీధిలో గుమ్మాల ముందు రెండేసి పెట్టి వచ్చేవారు. పొద్దున లేచి చూస్తే మా గుమ్మంలో నాలుగుండేవి.

లేబర్ పార్టీ నాయకుడిగా చేసిన జెరెమీ కార్బిన్‌కు కూడా లండన్‌లో అలాట్‌మెంట్ ఉంది. పళ్లతో జామ్ చేస్తారని పేపర్లు రాస్తాయి. రాజకీయ నాయకుడికి పొలం ఉండటం మామయ్యగారికి వింత కాదు. అది కౌలు పొలం కావడం, అందులో ఆయనే తవ్వుకోవడం నమ్మలేక రెండుసార్లు అడిగారు.

సెప్టెంబరులో పదిరోజులు ఎడతెరిపి లేని వాన. తోట ముఖం చూడలేదు. కమిటీ నుంచి నోటీసు వచ్చింది. ఫలానా తేదీన తనిఖీ చేయగా మీ ప్లాటులో మూడొంతులు సాగులో లేదు, కలుపు ఎక్కువగా ఉంది, ఇన్ని రోజుల్లో సరిచేయని యెడల కౌలు రద్దు చేయబడును. మాకు తల కొట్టేసినట్టయింది. మామయ్యగారు మాత్రం ఆ కాగితాన్ని తెలుగులో చెప్పించుకుని, మళ్లీ చెప్పించుకుని, మడిచి పాస్‌పోర్టులో పెట్టుకున్నారు. రాజధాని పనులు ఆగిన ఏళ్లలో ఆయన ప్లాటును కంప కమ్మేసింది. హద్దురాయి ఎక్కడుందో తెలియక మొల లోతు ముళ్లలో వెతుక్కున్నారు. కలుపు పెరిగిందని ఒక మనిషికి ఉత్తరం రాసే ప్రభుత్వాలు భూమ్మీద ఉంటాయని ఆయనకు అప్పుడే తెలిసింది.

నోటీసు మీద కోపంతో కాదు, గౌరవంతో మామయ్యగారు ప్లాటు మొత్తం తవ్వించి, ఉల్లి పెట్టించి విమానం ఎక్కారు.

ఊరికి వెళ్లాక కంప కొట్టిన తన ఇంటిస్థలంలో తోటకూర, వంగ, బెండ వేశారు. ఇల్లు కట్టేదాకా ఊరికే ఉండటమెందుకని. తోటకూర బాగానే వచ్చింది గానీ పక్క ప్లాటు నుంచి కంప విత్తనాలు వచ్చి పడుతున్నాయి. దాని యజమాని డాలస్‌లో ఉంటాడు, రైతు దగ్గర కొన్నప్పుడు ఒకసారి వీడియోలో చూశాడంతే. మామయ్యగారు మావారి చేత ఇంగ్లండ్ నోటీసును తెలుగులోకి దింపించి, తేదీ మార్చి, కింద సంతకం పెట్టి అతనికి వాట్సాప్‌లో పంపారు. మూడొంతులు సాగులో లేని యెడల అని.

అతను భయపడి ఆ రాత్రే ఫోన్ చేశాడట. కొత్త జీవో వచ్చిందేమోనని. "సాగు చెయ్యాలంటే ఏం వెయ్యాలి అంకుల్?" అని అడిగాడట.

"నీ ఇష్టం బాబూ, ఏదైనా వెయ్యి. కూర్జెట్ మాత్రం వెయ్యకు."