మా మట్టి కాగితం చూసి తూచండి, సేటు గారూ

ఎరువుల షాపు సేటు గారికి,

మీ పేరు, షాపు పేరు ఇందులో రాయడం లేదు. సాగర్ ఎడమ కాలువ కింద ఏ మండల కేంద్రానికి వెళ్లినా మీలాంటి షాపులు ఉన్నాయి, చదివిన రైతు ఎవరి షాపు వాళ్లు గుర్తుపడతారు. మిమ్మల్ని అడిగేది ఒక్కటే. మా పొలానికి ఏ పిండి ఎంత పడాలో మీ గోదాములో ఉన్న సరుకును చూసి చెప్పకండి, మా భూసార పరీక్ష చూసి చెప్పండి. చెప్పే తీరిక లేకపోతే, కాగితంలో ఎంత రాసి ఉందో అంతే అమ్మండి.

నాట్ల ముందు మీ కౌంటరు దగ్గర మీరు అడిగే ప్రశ్న "ఎన్నెకరాలు?" అన్నది ఒక్కటే. రెండెకరాలు అంటే నాలుగు డీఏపీ బస్తాలు ఆటోలోకి ఎక్కుతాయి. ఎర్ర నేలా, నల్ల రేగడా, పోయిన యాసంగిలో ఎంత వేశాడు, పశువుల ఎరువు తోలాడా లేదా అన్న ఊసే ఉండదు. యాభై కిలోల డీఏపీ బస్తాలో భాస్వరం 23 కిలోలు ఉంటుంది. వానాకాలం వరికి మన ప్రాంతంలో శాస్త్రవేత్తలు చెప్పేది ఎకరాకు ఇరవై నుంచి ఇరవై నాలుగు కిలోలు. అంటే ఎకరాకు ఒక్క బస్తా చాలు. రెండో బస్తా ఎందుకు వేస్తున్నామో మాకు తెలియదు. మీకు తెలుసని నమ్మి వేస్తున్నాం.

ఆ రెండో బస్తా ఎక్కడికీ పోదు. యూరియా నీళ్లలో కొట్టుకుపోతుంది, గాలిలో కలుస్తుంది. భాస్వరం అలా కాదు. నల్ల నేలలో సున్నంతో, ఎర్ర నేలలో ఇనుముతో, అల్యూమినియంతో ముడిపడి చాలావరకు అక్కడే ఉండిపోతుంది. ఏళ్ల తరబడి ఇలా పోస్తూ పోతే మట్టిలో భాస్వరం పేరుకుంటుంది, పైరుకు జింకు అందకుండా అడ్డం పడుతుంది.

పోయిన వానాకాలం మీ షాపులో నేను చూసిన సంగతి చెప్తాను. మా పక్క పొలం పెద్దాయన నాలుగు వరి ఆకులు కోసి, తువ్వాలులో చుట్టి తెచ్చాడు. నాటు వేసి మూడు వారాలైంది. ఆకు మొదట్లో ఈనె పాలిపోయింది, పైన తుప్పు రంగు మచ్చలు. ఆయన ఆకును వంచి చూపించబోతే చిటుక్కున విరిగింది. అది జింకు లోపానికి గుర్తు. 1966లో పంత్‌నగర్‌లో యశ్వంత్ నెనే అనే శాస్త్రవేత్త ఈ జబ్బు జింకు లోపం వల్ల వస్తోందని తేల్చారు. తర్వాత ఆయన మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో చాలా ఏళ్లు పనిచేశారు. లీటరు నీళ్లకు రెండు గ్రాముల జింకు సల్ఫేటు కలిపి, ఐదు రోజుల తేడాతో రెండు మూడు సార్లు పిచికారీ చేస్తే పైరు తేరుకుంటుంది. మీరు ఆకు వైపు చూసీ చూడనట్టు చూసి, "బలం చాల్లేదు, ఇంకో యూరియా చల్లు" అన్నారు. ఆయన చల్లాడు. పైరు నల్లగా కమ్మింది, వెనకాలే సుడిదోమ దిగింది. నత్రజని ఎక్కువైన మడికి దోమ, అగ్గితెగులు త్వరగా పడతాయని మీకు తెలియని సంగతి కాదు. మళ్లీ మీ షాపుకే వచ్చి మందు కొన్నాడు. మీ పుస్తకంలో ఆయన పేరు కింద రెండు పద్దులు పెరిగాయి.

ఆ పుస్తకం గురించి కూడా మాట్లాడాలి. ఊరివాళ్లు చదువు రాక, భూసార పరీక్ష కార్డు అర్థం కాక మీ మాట వింటారని చాలామంది అనుకుంటారు. అది కొంతవరకే నిజం. ఖాతా మీ దగ్గర ఉంది కాబట్టి వింటాం. పంట వచ్చాక కడతామని తెచ్చుకునేవాడు "ఈ బస్తా నాకొద్దు" అని ఎలా అంటాడు? అంటే తర్వాతి సారి యూరియా దొరకదేమోనని భయం. 2025 వానాకాలంలో యూరియా కోసం తెలంగాణ రైతులు చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టి తెల్లవార్లూ కాచుకున్నారు. అలాంటి రోజుల్లో కూడా యూరియా బస్తాకు గుళికల ప్యాకెట్టో, పేరు తెలియని సీసానో జత చేసి, తీసుకుంటేనే ఇస్తామన్నారు మీరు. ఇది మాకు చాలా బాధ కలిగించింది.

కార్డు చూపిస్తే మీరు అనే మాట కూడా నాకు తెలుసు: "అది మీ పొలం మట్టేనా?" ఆ ప్రశ్న న్యాయమైనదే. 2015 ఫిబ్రవరిలో సాయిల్ హెల్త్ కార్డు పథకం మొదలైనప్పుడు నీటి వసతి ఉన్న చోట ఆరుంపావు ఎకరాలకు ఒక నమూనా, మెట్టలో పాతిక ఎకరాలకు ఒకటి తీయమన్నారు. ఎకరన్నర రైతు చేతికొచ్చిన కార్డులో ఉన్నది పక్కవాడి మట్టి కావచ్చు. అందుకే ఎవరి నమూనా వారే తీసుకోవాలని మేం నిర్ణయించుకున్నాం. కోతలయ్యాక, నేల ఆరి ఉన్నప్పుడు, మడిలో పది చోట్ల 'వి' ఆకారంలో ఆరంగుళాల గుంట తీసి, గుంట అంచు వెంట పైనుంచి కిందికి మట్టి గీకాలి. గట్ల పక్కన, చెట్టు కింద, పెంటకుప్ప పోసిన చోట తీయకూడదు. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిల్చి, నీడలో ఆరబెట్టాలి. ఆరబెట్టడానికి, మోయడానికి ఖాళీ యూరియా సంచి మాత్రం వాడకూడదు, దాని అడుగున మిగిలిన గింజలే పరీక్షను తప్పుదారి పట్టిస్తాయి. వ్యవసాయ శాఖ ల్యాబులో గానీ కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ ఉదజని సూచిక, లవణాల నుంచి జింకు, బోరాన్ దాకా పన్నెండు అంశాలు చూసి చెప్తారు. దీనికయ్యే ఖర్చు ఒక డీఏపీ బస్తా ధర కంటే చాలా తక్కువ.

భాస్వరం ఎక్కువ అని తేలితే సిఫారసులో 30 శాతం తగ్గించమంటారు. బస్తా చోట 35 కిలోలు. ఇప్పుడు ఎకరాకు రెండు బస్తాలు పోసే రైతుకు మిగిలేది 65 కిలోలు. బస్తా రూ.1,350 లెక్కన, డీఏపీతో పాటు తగ్గే నత్రజనిని యూరియాతో పూడ్చుకున్నా, ఎకరాకు రూ.1,600 దాకా మిగులుతుంది. అప్పు మీద తెచ్చుకునేవాడికి వడ్డీ కూడా తప్పుతుంది. అందులోంచే ఇరవై కిలోల జింకు సల్ఫేటు కొని ఆఖరి దమ్ములో వేసుకోగలడు. దాన్ని డీఏపీతో కలిపి చల్లకూడదని, రెండు మూడు రోజులు ఆగాలని మీరు అమ్మేటప్పుడే చెప్తే ఎంత మేలు చేసినవారవుతారో!

"బస్తా విప్పి అమ్మడం కుదరదు" అని మీరు ఇంతకాలం చెప్తూ వచ్చారు. కుదురుతుంది. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చిల్లర వ్యాపారి ఒక్కో రకం ఎరువులో ఒక బస్తా విప్పి ఉంచుకుని విడిగా అమ్ముకోవచ్చు. నిల్వ, ధర బోర్డు మీద రాయాలని, కొన్న ప్రతివాడికీ రసీదు ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. మీ కుర్చీ వెనక గోడకు రాజేంద్రనగర్ మేనేజ్ సంస్థ వారి 'దేశీ' డిప్లొమా ఫ్రేము కట్టి ఉంది. 2003 నుంచి మీలాంటి డీలర్ల కోసమే నడుపుతున్న ఏడాది చదువు అది. వ్యవసాయ అధికారి మా ఊరికి ఎప్పుడో ఒకసారి వస్తారు. మీరు ప్రతిరోజూ ఉంటారు. మా ఊళ్లో మట్టి బాగుపడాలంటే మీ సాయం లేకుండా కాదు. అందుకే ఈ ఉత్తరం అధికారికి కాకుండా మీకు రాస్తున్నాను.

ఈసారి నాట్ల ముందు మా వాడ రైతులు కార్డులు పట్టుకుని వస్తారు. ఖాతా ఉన్నవాళ్లు కూడా వస్తారు. కాటా ముందు పెట్టి, ఒక డీఏపీ బస్తా విప్పి ఉంచండి. ముప్పై ఐదు అని ఉన్నవాడికి ముప్పై ఐదు కిలోలే తూచి, రసీదు రాసి ఇవ్వండి.

ఇట్లు,
మీ షాపులో ఖాతా ఉన్న ఒక రెండెకరాల రైతు