గుప్పిట విప్పేశారు

మా రోజుల్లో టైం లార్డ్స్ అంటే భయం ఉండేది. ఇప్పుడు మా మనవడికి వాళ్ల ఊరూ పేరూ, పుట్టుపూర్వోత్తరాలూ, ఎవర్నెవరు చంపారో అన్నీ కంఠతా వచ్చు. ఆ భయమొక్కటే తెలియదు.

నేను చదువుకోడానికి బర్మింగ్‌హాం వచ్చింది 1968లో. అద్దెకున్న ఇంట్లో, కింది ముందుగదిలో ఇంటావిడ బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉండేది. స్విచ్ వేశాక అది వేడెక్కి బొమ్మ రావడానికి కాసేపు పట్టేది. శనివారం సాయంత్రం బీబీసీలో ‘డాక్టర్ హూ’ వచ్చే వేళకి ఆవిడా, ఆవిడ పిల్లలూ, మేడమీద అద్దెకుండే మేమూ అందరం అక్కడ చేరేవాళ్లం. ఆ సీరియల్ 1963 నవంబరు 23న మొదలైంది. మొదటి కథకు దర్శకుడు వారిస్ హుస్సేన్, మన లక్నోలో పుట్టినవాడు. ఆ సంగతి తెలిసిన రోజున నా ఛాతీ ఉప్పొంగింది.

దాదాపు ఆరేళ్లపాటు కథానాయకుడైన డాక్టర్ ఏ జాతివాడో సీరియల్లో ఎవరూ చెప్పలేదు. పోలీసు పెట్టెలాంటి టార్డిస్‌లో కాలాల మధ్య తిరుగుతాడు, అంతే. 1969 ఏప్రిల్‌లో ‘ది వార్ గేమ్స్’ మొదలైంది. పది వారాలు, పది భాగాలు. వేర్వేరు యుద్ధాల నుంచి ఎత్తుకొచ్చిన సైనికుల్ని వాళ్ల వాళ్ల కాలాలకు చేర్చడం తన ఒక్కడివల్ల కాదని తొమ్మిదో భాగంలో డాక్టర్‌కు తేలిపోయింది. నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మనసు లగ్నం చేశాడు. ఎదురుగా పడున్న తెల్లటి పలకలు వాటంతటవే లేచి, ఒకదానికొకటి అతుక్కుని చిన్న పెట్టె అయ్యాయి. తనవాళ్లైన టైం లార్డ్స్‌కు పంపే కబురది. పంపీ పంపగానే పరుగందుకున్నాడు. డాలెక్‌ల లాంటి శత్రువులకు ఎదురు నిలిచినవాడు సొంతవాళ్లొస్తున్నారంటే పారిపోతున్నాడు! వాళ్లెంతవాళ్లో మాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

జూన్ 21న పదో భాగం. సాదా అంగీల్లో ముగ్గురు న్యాయమూర్తులు. గొంతు పెంచరు, కళ్లెర్రజేయరు. లోకాల వ్యవహారాల్లో తలదూర్చకూడదన్న తమ చట్టాన్ని మీరినందుకు అతనికి శిక్ష వేశారు: మొహం మార్చి భూమ్మీదికి ప్రవాసం. వెంట ఉన్న జేమీ, జోయిలకు అతనితో గడిపిన మొదటి ప్రయాణం తప్ప తక్కినదంతా మనసులోంచి చెరిపేశారు. ఆ రాత్రి ఇంటావిడ చిన్నకూతురు భోజనం ముట్టలేదు. తర్వాతి కథ 1970 జనవరి 3న గాని రాలేదు. ఆ ఆరు నెలలూ మా మాటల్లో టైం లార్డ్సే.

గుప్పిట మూసి ఉంచడం ఆనాటివాళ్లకు తెలుసు. టైం లార్డ్స్ లోకం పేరు గాలిఫ్రే అని చెప్పడానికే 1973 దాకా ఆగారు. 1976లో ‘ది డెడ్లీ అసాసిన్’ వచ్చి, చావు ముంచుకొచ్చినప్పుడు వాళ్లకు దేహం మారడం పన్నెండుసార్లేనని హద్దు గీసింది. పదమూడు దేహాలు, ఆపైన చావే. కాలాన్ని ఏలేవాళ్ల చావుకూ ఒక లెక్క ఉందన్నమాట. డాక్టర్ మారిన ప్రతిసారీ మేం వేళ్లు మడిచి లెక్కపెట్టుకునేవాళ్లం.

కొత్తవాళ్లందర్నీ ఒక్కగాటన కట్టను. 2005లో రస్సెల్ టి డేవీస్ సీరియల్‌ని మళ్లీ నిలబెట్టినప్పుడు టైం లార్డ్స్ మహాయుద్ధంలో అంతరించారన్నాడు. అది పనితనం. లేనివాళ్లు మళ్లీ పెద్దవాళ్లయ్యారు. 2013లో ఆ పదమూడు దేహాల లెక్క అయిపోయేసరికి ఇంకో వాయిదా జీవితం ఇచ్చేశారు. సరే, సీరియల్ నడవాలి కదా, సర్దుకున్నాను.

2020 నాటి ‘ది టైంలెస్ చిల్డ్రన్’ని మాత్రం క్షమించలేను. డాక్టర్ అసలు ఆ జాతివాడే కాదట. ఎక్కడినుంచో వచ్చిన పసిబిడ్డట. దేహాలు మార్చే విద్యను ఆ బిడ్డనుంచే టైం లార్డ్స్ లాక్కున్నారట. మేం ప్రేమించినవాడు దొరల ఇంట పుట్టి, చూస్తూ ఊరుకోలేక, ఒక పాత పెట్టె దొంగిలించి పారిపోయిన మామూలువాడు. వాళ్లలో ఒకడు కాబట్టే అతని తిరుగుబాటుకు విలువ. పుట్టుకతోనే దేవుడైతే ఇంక అతను తెంచుకొచ్చింది ఏముంది?

2024 డిసెంబరులో ‘ది వార్ గేమ్స్’కి రంగులద్ది, నాలుగు గంటలకు మించిన కథను తొంభై నిమిషాలకు కుదించి ప్రసారం చేశారు. మనవడు అది ఫోన్‌లో పెట్టుకుని, మధ్యమధ్యలో మెసేజ్‌లు కొడుతూ చూశాడు. బాగుంది తాతా అన్నాడు. ఆ తెల్ల పెట్టె గురించి అడిగితే, ఏ పెట్టె అన్నాడు.

ఆ కాలపు భాగాలు ఎన్నో బీబీసీవాళ్లే టేపులు తుడిచేయడంతో పోయాయి. ‘ది వార్ గేమ్స్’ పదికి పదీ మిగిలాయి. మీ ఇంట్లో పిల్లలుంటే ఆ పాతవే, నలుపు తెలుపుల్లోనే, వారానికొకటి చొప్పున చూపించండి. తర్వాతేమైందని మధ్యలో అడిగితే చెప్పకండి.