మార్కుల కాటాకూ ముద్ర వేయండి సారూ!

తూనికలు, కొలతల శాఖ పెద్దలకు,

జగ్గయ్యపేట హైవే పక్క వేబ్రిడ్జిలో చీటీలు కొట్టేవాడు నమస్కరించి రాసుకున్న బహిరంగ అర్జీ.

విషయం: ఇంటర్ మార్కుల తూకంలో తేడా గురించి.

అయ్యా,

ఏటా మీ వాళ్లొచ్చి మా కాటా పరీక్షించి ముద్ర వేసి వెళ్తారు. ఆ ముద్ర ఉంది కాబట్టే ఇక్కడ 50 కిలోలు తూగిన సిమెంటు బస్తా, గరికపాడు చెక్‌పోస్టు దాటి కోదాడ చేరినా 50 కిలోలే. 2014లో రాష్ట్రం రెండయింది గానీ కిలో రెండు కాలేదు. మార్కు మాత్రం రెండయింది.

మొన్న సెలవుల్లో కోదాడ నుంచి మా బావమరిది కూతురొచ్చింది. ఆ పిల్లా, మా అమ్మాయీ ఇద్దరూ ఎంపీసీయే. మెమోలు మంచం మీద పరుచుకుని చూసుకున్నారు. అటూ వెయ్యి మార్కులకే, ఇటూ వెయ్యి మార్కులకే. కానీ మన ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ గ్రూపు సబ్జెక్టులకు 25 శాతం వాటా ఉంది. అవతల తెలంగాణలో 2023లోనే ఆ వాటా ఎత్తేశారు. అదే కెమిస్ట్రీ మార్కు ఇక్కడ ఇనుము, అక్కడ దూది. ఇద్దరికీ సంస్కృతంలో 98 వచ్చాయి. పాపం, ర్యాంకు దగ్గర అవి ఎటువైపూ తూగవు.

2021లో కరోనాతో పరీక్షలే లేవు. ఇక్కడ పదో తరగతి నుంచి 30 పాళ్లు, ఇంటర్ మొదటేడు నుంచి 70 పాళ్లు కలిపి మెమో ఇచ్చారు. అక్కడ మొదటేడు మార్కులే రెండో ఏడుకీ వేశారు. లారీ కాటా ఎక్కకుండానే చీటీ కొట్టినట్టు! నేను ఆ పని చేస్తే ఊరుకుంటారా?

సరుకుకు వేబిల్లులా పిల్లలకు స్టడీ సర్టిఫికెట్లు. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లూ అక్కడే చదివితేనే మెడికల్ సీటుకు లోకల్ అని తెలంగాణ 2024లో అంది. సుప్రీంకోర్టు 2025లో సరేనంది. పేటలో పది చదివి, హైదరాబాదు హాస్టల్లో ఇంటర్ చదివినవాడు అక్కడ పొరుగువాడే.

బోర్డులు రెండున్నాక కాటాలూ రెండుంటాయి. ఒకటి చేయమని అడగను. మా పద్ధతి ఒక్కటి వాళ్ల చెవిన వేయండి. లారీని ముందు ఖాళీగా తూస్తాం, తర్వాత లోడుతో తూస్తాం. తేడాయే సరుకు. చందర్లపాడు నుంచి పల్లెవెలుగులో నిలబడి నందిగామ కాలేజీకి వచ్చే పిల్లా, ఏసీ హాస్టల్లో చదివే పిల్లా చెరో 900 తెచ్చుకుంటే సరుకు ఒకటేనా? ఖాళీ బండి తూకం ఏ మెమో మీదా లేదు.

అన్నట్టు, ఆ రెండు మెమోల్నీ మా కాటా మీద పెట్టి చూశాను. రెండిటికీ సున్నాయే చూపించింది. అవి సమానంగా తూగింది ఇక్కడొక్కచోటే.

ఇట్లు,
తమ విధేయుడు,
కాటా గుమస్తా, జగ్గయ్యపేట,
పాత కృష్ణా, ఇప్పటి ఎన్టీఆర్ జిల్లా